తమ పాట తామే

మా వృత్తిలో మాకు ఒక అలవాటు అబ్బింది. ఎవరైనా పాట ఎత్తుకొనగానే మా చూపు ముందుగా గడియారం మీదికి పోతుంది. ఈ పాట ఎన్ని నిమిషాలకు ముగుస్తుంది? తరువాతి అంశానికి వ్యవధి మిగులుతుందా? గొంతు మైకుకు దగ్గరగా ఉన్నదా, దూరమైనదా? ఈ ప్రశ్నలన్నీ తీరిన తరువాతనే పాట మా చెవికి ఎక్కుతుంది. ఏళ్ళ తరబడి స్టూడియోలో గడిపిన వారికి ఇది సహజమే కావచ్చు. కాని ఈ అలవాటు ఒక విధమైన చెవుడని జహీరాబాదు ప్రాంతపు జాతరలో ఒక ముసలి అవ్వ మాకు తెలియజెప్పింది. ఆ ముచ్చట చెప్పబోయేముందు శ్రోతలను కొద్దిసేపు లండన్ నగరానికి తీసుకొనిపోతాము. అక్కడి ఒక చిన్న సంగతి తెలిస్తే, మన పక్కనే ఉన్న ఈ జాతర విలువ మరికొంత తేటపడుతుందని మా ఆశ.

1976 సెప్టెంబరు మాసంలో లండన్‌లోని ఆక్స్‌ఫర్డ్ వీధిలో, నేలమాళిగలో ఉన్న హండ్రెడ్ క్లబ్బు అనే చిన్న శాలలో రెండు రాత్రులు ఒక సంగీతోత్సవం జరిగింది. పాడినవారు ‘పంక్’ అనే పేరుతో ప్రసిద్ధికెక్కిన యువకుల బృందాలు. ఆ మాటకు ఇంగ్లీషులో పనికిమాలినవాడు, పోకిరి అని అర్థం. తిట్టునే బిరుదుగా తగిలించుకొన్నారు వారు. ఆ రోజులలో ఇంగ్లండులో పాప్ సంగీతం పెద్ద గ్రామఫోను కంపెనీల చేతిలో ఉండేది. ఖరీదైన స్టూడియోలు, మహావాద్యనైపుణ్యం, వేలాది మంది పట్టే ప్రాంగణాలు ఉంటేనే గాని సంగీతం కాదన్నట్లు ఉండేది. ఈ యువకులకు అవి లేవు. గిటారు మీద రెండు మూడు స్వరసంపుటాలు పలికించడం వస్తే చాలునని, మిగిలినది గుండె ధైర్యమని వారు తీర్మానించుకొన్నారు.

ఆ ఉత్సవంలో మొదటి రాత్రి పాడవలసిన బృందాలు ఒకటి తక్కువైనవి. అప్పటివరకు శ్రోతలుగా వచ్చిపోతుండిన కొందరు యువతీయువకులు, ఆ వేళ మేమే పాడతామని ముందుకు వచ్చారు. వారికి సరియైన సాధన లేదు. తీరుగా కట్టుకొన్న పాట కూడ లేదు. అయినా వేదిక ఎక్కి సుమారు ఇరవై నిమిషాలు మోగించారు. సూజీ అండ్ ది బాన్షీస్ అనే ప్రసిద్ధ బృందం పుట్టుక అదే. నిన్న వినడానికి వచ్చిన పిల్ల నేడు పాడుతున్నది. ఆమెను చూచినవారిలో ఇంకెవరో రేపు పాడతారు. ఆ ఉత్సవపు సారమంతా ఇందులోనే ఉన్నదని మాకు తోస్తుంది.

కొద్ది నెలలకు, 1977 జనవరిలో, మాంచెస్టరు నగరానికి చెందిన బజ్‌కాక్స్ అనే బృందం ఏ కంపెనీ గడపా తొక్కకుండ తన రికార్డును తానే వెలువరించింది. ఇంటివారి దగ్గర, మిత్రుల దగ్గర 500 పౌన్లు అప్పు చేసి, మొదట 1,000 ప్రతులు అచ్చొత్తించుకొన్నారు. ఏ పాటను ఎన్నిసార్లు పాడి రికార్డు చేశారో కూడ అట్టమీద అచ్చు వేశారు. వంటవాడు వంటింటి తలుపు తెరిచిపెట్టినట్లు, ఇది ఇంతే సుమా, మీరూ చేయవచ్చునని చెప్పడమే దాని భావం. చేతితో వ్రాసి యంత్రం మీద నకళ్ళు తీసిన చిన్న చిన్న పత్రికలు ఈ పాటలను గురించి ప్రచారం చేసేవి. పాడేవారు, అమ్మేవారు, వ్రాసేవారు, వినేవారు అందరూ ఒకే గుంపులోనివారు. సంప్రదాయసంగీతం వినపెరిగిన మా చెవులకు ఆ మోత హితవుగా ఉండదని ఒప్పుకొంటాము. అయితే ఆ గుంపు కట్టుబాటును మాత్రం మెచ్చుకొనకుండ ఉండలేము. తరువాతి కాలంలో ఇంగ్లండులో సముద్రతీరపు బ్లాక్‌పూల్ పట్టణం ఈ సంగీతానికి ఉత్సవస్థానమైనది. ఆనాటి యువకులు నేడు తల నెరసినవారై, చిన్నతనపు స్నేహితులను కలుసుకొనడానికి అక్కడికి చేరుకొంటున్నారు.

ఏడాదికొకసారి ఒకచోట చేరడం, ఎవరి పాట వారు పాడుకొనడం, పక్కవాడి పాటకు వంత కలపడం, కలిసి తినడం, మళ్ళీ వచ్చే ఏటికి మాట ఇచ్చుకొని విడిపోవడం: దీనికి మన భాషలో కొత్త పేరు వెదకనక్కరలేదు. దీనినే మనము జాతర అంటాము. ఇక జహీరాబాదుకు వద్దాము.

హైదరాబాదు నుండి ముంబయి పోయే రహదారిమీద సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, కర్ణాటక సరిహద్దుకు చేరువలో ఉన్నది ఈ పట్టణం. 2016 వరకు మెదకు జిల్లాలోనిది. ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలోనిది. చుట్టూ ఎర్రమట్టి నేలలు, నడుమ నల్లరేగడి చెలకలు. వానమీద ఆధారపడిన సేద్యమే ఎక్కువ. పట్టణానికి ఆనుకొని ఉన్న పస్తాపూరు గ్రామంలో 1983లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ పని ప్రారంభించింది. దానిని స్థాపించినవారిలో ముఖ్యులైన పి. వి. సతీష్ మొదట దూరదర్శన్‌లో పనిచేసినవారు. 2023 మార్చి 19వ తేదీన పరమపదించారు. ఊరూర ఆడవారు సంఘాలు కట్టుకొన్నారు. వారిలో అధికసంఖ్యాకులు దళితులు. కూలినాలి చేసుకొన్నవారు, ఉన్న ఎకరమో రెండెకరాలో పడావు పడి ఉన్నవారు. ఆ పడావు నేలలను మళ్ళీ సాగులోనికి తెచ్చుకొనడంతో వారి కథ మొదలైనది. జొన్న, సజ్జ, కొర్ర, సామ, తైద, కంది, పెసర, అనుము, అవిసె: ఒకే చేనులో అనేక పంటలు కలిపి వేసే పాత పద్ధతిని వారు తిరిగి చేపట్టారు.

ఆ సంఘాలు ఏటా జరిపే ఉత్సవం పాత పంటల జాతర. సంక్రాంతి పండుగనాడు మొదలై సుమారు నెల రోజులు, ఊరినుండి ఊరికి నడుస్తుంది. పాతికేళ్ళుగా ఇది సాగివస్తున్నది. ఎడ్లబండ్లను అలంకరిస్తారు. ఎడ్ల కొమ్ములకు రంగులు, మెడలకు గంటలు. బండ్లమీద కుండలలో, బుట్టలలో రకరకాల విత్తనాలు. పచ్చజొన్న, తెల్లజొన్న, ఎర్రకంది, నల్లకంది, చూచినకొద్దీ రంగులు. బండ్లు ఊరి పొలిమేర చేరగానే ఆ ఊరివారు డప్పులతో ఎదుర్కొంటారు. ఆడవారు పాట ఎత్తుకొంటారు. ఊరేగింపు ఊరి నడివీధిగుండా సాగి, నలుగురూ కూర్చునే చోటికి చేరుతుంది. అక్కడ విత్తనాలు చూచుకొంటారు; ఈ ఏడు ఏ పంట నిలిచింది, ఏది పోయింది అని మాట్లాడుకొంటారు. జొన్నరొట్టెలు, కొర్రల బువ్వ అందరికీ పెడతారు. తెల్లవారితే బండ్లు మరొక ఊరికి బయలుదేరుతాయి. ఆ బండ్ల వెనుక పాడుకొంటూ పోయేవారిలో ఒకప్పుడు ఆ వీధులలో తల వంచుకొని కూలికి పోయినవారు ఉన్నారని గుర్తుంచుకొంటే, నడివీధిలో వారు ఎత్తిన గొంతుకు ఎంత విలువ ఉన్నదో శ్రోతలకు బోధపడుతుంది.

మేము చూచిన జాతరలో, ఊరి వేపచెట్టు కింద ఒక అవ్వ పాడుతున్నది. విత్తనం చల్లే వేళ పాట అది. ఆమె ఒక చరణం అంటుంది, పదిమంది అందుకొంటారు. అందుకొన్నవారిలో ఒకామె మధ్యలో తన మాట ఒకటి చేరుస్తుంది. అవ్వ నవ్వి దానినే పట్టుకొని ముందుకు పోతుంది. డప్పు చప్పుడు, ఎడ్ల గంటలు, పిల్లల కేకలు అన్నీ కలగలసిపోయి ఉన్నవి. మా అలవాటు ఊరుకొననిచ్చిందా? రికార్డింగు యంత్రం పట్టుకొని అవ్వ దగ్గరకు పోయి, “అవ్వా, కొంచెం అవతలికి వస్తావా? నీవొక్కతెవే మొదటినుండి పాడు, మాకు గొంతు స్పష్టంగా వినపడాలి” అని అడిగాము. అవ్వ మమ్ములను ఎగాదిగా చూచింది. “ఒక్కదాన్నే ఎట్ల పాడుత బిడ్డా? అందుకునేటోళ్ళు లేకుంటే పాట నడుస్తదా?” అన్నది. మేము బ్రతిమాలిన మీదట, మా మొగము చూచి జాలిపడినదేమో, ఒక చరణం పాడింది. రెండవ చరణానికి ఆగిపోయింది. మరచిపోలేదు. వంత కోసం చూచింది. వంత రాలేదు. పాట అక్కడనే నిలిచిపోయింది.

ఆ చరణం ఇప్పటికీ మా దగ్గర ఉన్నది. శబ్దం నిర్మలంగా ఉన్నది. ఒక్క చప్పుడు అడ్డం లేదు. అయినా అది ఆ పాట కాదు.

ఈ సందర్భంలో మా పాత అపరాధం ఒకటి చెప్పుకొనవలసి ఉన్నది. మేము ఉద్యోగంలో చేరిన తొలిరోజులలో ఒక స్టూడియోలో జానపదగీతాల కార్యక్రమం మా పర్యవేక్షణలో ఉండేది. పల్లెలనుండి సేకరించిన పాటను శిక్షితులైన గాయకుల చేత పాడించేవారము. హార్మోనియం, తబలా జత చేసేవారము. నాట్లు వేస్తూ గంటసేపు పాడుకొనే పాటను నాలుగున్నర నిమిషాలకు కుదించేవారము. ఇంట చెప్పుకొనడానికి సంకోచించే మాటలు ఏవైనా ఉంటే మార్చేవారము. ఇంతా చేసి రచయిత పేరు అడిగినచోట ‘సంప్రదాయం’ అని వ్రాసేవారము. పాట ఇచ్చిన ఊరి పేరు గాని, పాడి వినిపించిన ఆడమనిషి పేరు గాని ప్రకటనలో ఉండేది కాదు. ఆ పాటలు తీయగా ఉండేవి. ఉత్తరాలు కూడ వచ్చేవి. కాని ఆ ఊరివారు వింటే అది తమ పాటేనని గుర్తుపట్టి ఉండేవారా అనేది మేము ఆనాడు వేసుకొనని ప్రశ్న.

జహీరాబాదు సంఘాలవారు ఆ ప్రశ్నకు తమ జవాబు తామే చెప్పారు. జహీరాబాదుకు సమీపంలోని మాచునూరు గ్రామంలో 2008 అక్టోబరు 15వ తేదీన సంఘం రేడియో ప్రసారాలు ప్రారంభించింది. 90.4 మెగాహెర్ట్‌జ్ మీద, సుమారు 25 కిలోమీటర్ల మేర వినవచ్చే చిన్న కేంద్రం అది. సాయంత్రం ఏడు గంటలకు, పొలంపని ముగిసి పొయ్యి రాజుకొనే వేళకు మొదలై రెండు గంటలపాటు సాగే విధంగా ప్రసారాన్ని అమర్చుకొన్నారు. కేంద్రాన్ని నడిపినవారు సంఘపు ఆడవారే. వారిలో జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరి పేర్లు దేశమంతట వినవచ్చాయి. యంత్రం మీట నొక్కేది వారు, ప్రశ్న అడిగేది వారు, జవాబు చెప్పేది పక్క ఊరిలోని వారి వదినో, చిన్నమ్మో. స్వచ్ఛందసంస్థలకు అనుమతి లభించిన తరువాత మన దేశంలో వెలసిన తొలి సామాజిక రేడియో కేంద్రంగా దీనిని పరిగణిస్తారు.

ఆ అనుమతి వెనుక ఉన్న నిరీక్షణ మాత్రం శ్రోతలు తెలుసుకొనదగినది. 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. ప్రసారతరంగాలు ప్రజల ఆస్తి అనేది దాని సారాంశం. క్రికెట్ ఆట ప్రసారహక్కుల మీద వచ్చిన వ్యాజ్యం అది. పల్లెపాటకూ దానికీ సంబంధమేమిటని ఆనాడు ఎవరైనా అని ఉండవచ్చు. ఆ మాట పట్టుకొని మాచునూరు ఆడవారు, యునెస్కో సహకారంతో, 1990ల చివరికల్లా స్టూడియో సిద్ధం చేసుకొన్నారు. రికార్డు చేయడం నేర్చుకొన్నారు. అయితే ప్రసారం చేయడానికి లైసెన్సు లేదు. 2002లో విద్యాసంస్థలకు అనుమతి వచ్చింది. 2004 ఫిబ్రవరిలో చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయం ప్రసారాలు మొదలుపెట్టింది. మాచునూరుకు మాత్రం రాలేదు. 2006 నవంబరులో ప్రభుత్వవిధానం మారిన తరువాతనే వారికి దారి తెరచుకొన్నది. అంతవరకు, సుమారు పదేళ్ళు, ఆ ఆడవారు తమ పాటలను, మాటలను క్యాసెట్లమీద ఎక్కించి, ఊరూర సంఘసమావేశాలలో వినిపిస్తూ వచ్చారు. గాలిలోనికి పంపడానికి వీలులేని రేడియోను చేతిసంచిలో మోసుకొనిపోయారన్నమాట. చివరకు కేంద్రాన్ని ప్రారంభించడానికి వచ్చినవారు ఆ 1995 నాటి తీర్పు చెప్పిన న్యాయమూర్తులలో ఒకరైన జస్టిస్ పి. బి. సావంత్.

మాంచెస్టరు పిల్లలు 500 పౌన్లు అప్పు చేసి రికార్డు వేయించుకొనడమూ, మాచునూరు ఆడవారు క్యాసెట్లు మోసుకొనిపోవడమూ ఒకటేనని మేము అనము. భేదాలు చాల ఉన్నవి. ఆ పిల్లలు పెద్దల సంగీతాన్ని త్రోసిరాజన్నారు. ఈ ఆడవారు అవ్వల పాటను కాపాడుకొంటున్నారు. వారిది పట్టణపు నిరుద్యోగపు కసి. వీరిది చేను మీది మక్కువ. వారి పాటకు ఏడాదికొక కొత్త వేషం. వీరి పాటకు ఏడాదికొక కొత్త చరణం. కాని ఒక్కచోట ఇద్దరూ కలుస్తారు. మా గొంతు బాగున్నదో లేదో మీరు తేల్చిన తరువాత పాడము, పాడిన తరువాత మీరు వినండి అన్నారు ఇద్దరూ. పరీక్షకుల స్థానంలో కూర్చునే మా వంటివారికి ఆ మాట కొంత కష్టంగానే ఉంటుంది. అయినా అది న్యాయమైన మాట.

ఈ ఆడవారి పాటకు పంటతో ఉన్న ముడి మరొక విశేషం. కొర్ర దంచే రోలు పోతే రోకటిపాట పోతుంది. తైద విసిరే రాయి మూలబడితే విసురురాతి పాట మూలబడుతుంది. కలిపి వేసిన చేనులో కలుపు తీసే పదిమంది ఉంటేనే వంత ఉంటుంది. ఒక్క పంటే వేసి మందు చల్లిన చేనులో పాడేవారెవరు? అందుచేతనే సంఘాలవారు విత్తనాన్ని, పాటను ఒకే బండిమీద ఎక్కించారు. విత్తనం విషయంలో వారి కట్టడి కూడ పాట కట్టడి వంటిదే. విత్తనాన్ని అమ్ముకొనరు. కావలసినవారు సంఘం నుండి తీసుకొని, పంట వచ్చిన తరువాత తీసుకొన్నదానికి కొంత చేర్చి తిరిగి ఇస్తారు. పాట నేర్చుకొన్న పిల్ల ఒక చరణం చేర్చి మరొకరికి ఇచ్చినట్లే.

2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమానం ఈ సంఘాలకు లభించింది. 2023వ సంవత్సరాన్ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఒకప్పుడు బీదల తిండి అని తీసిపారవేసిన కొర్రలు, సామలు నేడు నగరపు అంగళ్ళలో అందమైన సంచులలో అమ్ముడుపోతున్నవి. సంతోషించవలసిన విషయమే. కాని ఆ సంచిలో ధాన్యం వచ్చింది గాని పాట రాలేదు. ధాన్యానికి ధర పలికినంతమాత్రాన పాట బ్రతుకుతుందని అనుకొనరాదు. వేపచెట్టు కింద మేము చూచిన గుంపులో పాట ఎత్తినవారు అరవై దాటినవారు. వంత కలిపినవారు నలభై దాటినవారు. పదహారేళ్ళ పిల్లలు కొంచెం ఎడంగా నిలబడి, చేతిలోని ఫోనులలో ఆ పాటను చిత్రిస్తున్నారు. వారిని మేము తప్పు పట్టము. మేము చేసినది కూడ అదే కదా! అయితే ఫోనులోనికి ఎక్కిన పాట అవ్వతోపాటు ఆగిపోయిన పాట అవుతుందో, లేక ఆ పిల్లలలో ఒకతె ఏదో ఒక సంక్రాంతికి ఫోను కొంగున ముడివేసికొని గొంతు కలుపుతుందో, దానిమీదనే రాబోయే జాతరలు ఆధారపడి ఉన్నవి. లండన్‌లో ఆ రాత్రి వేదిక ఎక్కిన పిల్లకు కూడ పాట రాదు. గుంపు ఆమెకు చోటిచ్చింది, అంతే.

జాతర నుండి తిరిగివచ్చిన తరువాత మేము ఒక చిన్న పని చేశాము. మా ఇంట పెద్దామె ఉన్నారు, మాకు మేనత్త. వడ్లు దంచేనాటి పాటలు వచ్చునని విన్నామే గాని ఏనాడూ అడిగి ఎరుగము. ఒక సాయంకాలం రేడియో కట్టివేసి, ఆమె దగ్గర కూర్చుని, “అత్తయ్యా, ఒక్క పాట చెప్పరాదూ” అన్నాము. ఆమె సిగ్గుపడి, మరచిపోయానని తప్పించుకొనబోయారు. యంత్రం తేలేదు, గడియారం చూడలేదు. మొదటి చరణం ఆమె అన్నారు. పదాలు సరిగా రాకపోయినా మేము అందుకొన్నాము. మా గొంతు అపస్వరమని ఆమె నవ్వారు. నవ్వుతూనే రెండవ చరణం ఎత్తుకొన్నారు.

శ్రోతల ఇండ్లలో కూడ అటువంటి పెద్దామె ఉండే ఉంటుంది. ప్రసారాన్ని ఆపివేయమని ప్రసారకులమైన మేమే చెప్పడం వింతగా తోచవచ్చు. అయినా ఈ ప్రసంగం ముగియగానే ఒక పావుగంట రేడియో కట్టివేసి, ఆమెను ఒక పాట అడగండి. ఆమె ఆగినచోట మీరు అందుకొనండి.